మా పెద్దమ్మ కడిగిన గాజు గొట్టాలు

మా పెద్దమ్మకి శుభ్రం పిచ్చి. ఆవిడ కడిగిన గ్లాసులో మంచినీళ్ళు తాగితే ఆసుపత్రిలో తాగినట్టుంటుంది. తలుపు గొళ్ళేన్ని కూడా వదిలిపెట్టదు. నన్ను పెంచింది ఈవిడే కాబట్టి, నా చెవుల వెనక ఇంకా చర్మం మిగిలి ఉండటం నా అదృష్టం.

ఆవిడ ఉద్యోగమూ కడగడమే. ఒక పరిశోధనశాలలో గాజు సామాను కడుగుతుంది. అక్కడొక డాక్టరమ్మ మొసలి రక్తం మీద పని చేస్తోంది. మురికినీళ్ళలో కొట్లాడుకుని కాలు తెగినా మొసలి పుండు అంత తేలిగ్గా చీము పట్టదట. దాని రక్తంలోని ప్రొటీన్లు క్రిములను చంపుతాయనీ, ఒంట్లో కణాలు పాడవకుండా కూడా కాపాడతాయనీ ఆ అమ్మాయి నమ్మకం.

రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో పోసి, అందులోంచి ఒక చుక్క తీసి, క్రిములు పూసిన పళ్ళెంలో వేస్తుంది. క్రిములు చస్తే చుక్క చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తుంది. పక్కనే, ఇంకో గొట్టంలోంచి తీసిన ఉప్పునీళ్ళ చుక్క. అక్కడ ఏమీ చావకూడదు.

ఈమధ్య రెండు చుక్కల చుట్టూ వలయాలే. ఉప్పునీళ్ళే క్రిములను చంపుతుంటే ఇక మొసలి గొప్పేముంది? కారణం దొరక్కపోతే నెలాఖరుకి పని ఆపెయ్యమన్నాడు పైఅధికారి. ఆ పిల్ల సరిగ్గా అన్నం కూడా తినడం లేదని పెద్దమ్మకి ఒకటే బెంగ. నా మీదున్నంత ప్రాణం ఆ అమ్మాయి మీదా ఉంది. నాకు కాస్త కుళ్ళు కూడా.

ఈ సంగతంతా చెప్పి, పెద్దమ్మ నాకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. నోటి దాకా వచ్చిన గ్లాసు వాసనకి ఆగింది.

"పెద్దమ్మా, దీన్ని దేంతో కడిగావు?"

"ఆఖరి నీళ్ళలో మూతెడు మందు పోస్తాగా. క్రిములు చావొద్దూ?"

"అక్కడ గొట్టాలు కూడా ఇలాగేనా?"

ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మొసలి రక్తం కదే. ఆ పిల్లకి ఏ రోగమన్నా అంటుకుంటుందేమోనని ఈమధ్యే మొదలెట్టా." గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "నా ఉద్యోగం పోతుందేమో" అంది. మళ్ళీ తనే, "పోతే పోయింది. రేపు నువ్వూ రా. ఒక్కదాన్నే చెప్పలేను" అంది.

డాక్టరమ్మ అంతా విని కుర్చీలో కూలబడింది. తరవాత లేచి వచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకుంది. "ఇవాళ వట్టి నీళ్ళతో కడగండి పెద్దమ్మా. మళ్ళీ చూద్దాం."

వట్టి నీళ్ళతో కడుగుతూ ఆవిడ పడ్డ బాధ నేను కళ్ళారా చూశాను. చెయ్యి దానంతటదే మందు సీసా వైపు పోతుంటే, సీసా తీసి నా సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు పళ్ళెం తెరిచారు. ఉప్పునీళ్ళ చుట్టూ క్రిములు దట్టంగా పెరిగున్నాయి. రక్తపు చుక్క చుట్టూ మాత్రం ఒక సన్నటి వలయం ఉంది.

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఇంతేనా తల్లీ? మొన్న బొత్తాం అంత ఉండేదిగా."

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మొన్నటిది మీది పెద్దమ్మా. ఇది మొసలిది."