పొదుగు కాదు, గుడ్డు

గుడ్డు పెట్టలేక అవస్థ పడుతున్న మా బాతును పశువుల డాక్టరు కూర వండుకొమ్మన్నాడు.

ఆసుపత్రి వరండాలో, వరసగా నిలబడ్డ గేదెల ముందు, వాటిని తోలుకొచ్చిన వాళ్ళందరి ముందు అన్నాడు. అందరూ నవ్వారు. పాతికేళ్ళు దాటినా ఆ నవ్వులో ఎవరి పళ్ళు ఎలా ఉన్నాయో కూడా నేను చెప్పగలను.

అప్పట్లో నేను బెజవాడలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాణ్ణి. బడి నాకు అబ్బలేదు. సీసపు అక్షరాలను తలకిందులుగా చదవడం ముందు వచ్చింది, సరిగ్గా చదవడం ఆ తర్వాత వచ్చింది. పంచాంగాలు, వ్రతకథలు, ఎరువుల పుస్తకాలు, ఏది అచ్చుకొస్తే అదే నా పాఠం. ఒకసారి పని మీద చల్లపల్లి వెళ్ళినప్పుడు, కోసిన చేలల్లో బాతుల మందను మేపుతున్న వాళ్ళ దగ్గర రెండు పిల్లల్ని కొని, చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఒకటి కుక్కపాలైంది. రెండోది భవానీపురంలో మా ఇంట్లో పెరిగి పెద్దదైంది. తెల్లగా ఉండేది కనుక దాన్ని తెల్లది అనేవాళ్ళం. మా ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్తే అదీ వెనకాలే వెళ్ళేది. నా మీద అలిగి మాట మానేసిన రోజుల్లో ఆవిడ దానితోనే మాట్లాడేది. "చూశావుటే ఈయన వరస?" అనేది, నాకు వినపడేటట్టు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున తెల్లది మంచం కింద గోనెపట్టా మీద కూర్చుని మరి లేవలేదు. మెతుకు ముట్టలేదు. పక్కింట్లో ఉండే దర్జీని మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన వంగి చూసి, "పొదుగుకొచ్చిందండీ, ఏం లేదు" అన్నాడు.

పొదుగుకు రావడమంటే గుడ్ల మీద కూర్చోవాలనే యావ పుట్టడం. కోడికి ఆ యావ వదలాలంటే మా వైపు చన్నీళ్ళలో ముంచి తీస్తారు. కోడికి చేసేదే బాతుకూ చేశాం. భాయ్ బకెట్టు పట్టుకున్నాడు, నేను ముంచాను. ఈతకు పుట్టిన పిట్ట ఆ బకెట్టులో మెడ వాల్చేసింది.

అప్పుడు నాకు అనుమానం తగిలింది. పొదుగు మీదున్న పిట్ట చెయ్యి పెడితే పొడుస్తుంది. ఇది చెయ్యి పెడితే కళ్ళు మూసుకుంటోంది. తోక పైకీ కిందికీ కొట్టుకుంటోంది. పొట్ట కింద వేలికి ముద్దలా ఏదో తగిలింది. "గుడ్డు అడ్డం పడిందే" అన్నాను. మా ఆవిడ కొంగుతో దాని ఒళ్ళు తుడిచి, సంచి తెచ్చి నా చేతికిచ్చింది.

ఆసుపత్రి కిటికీ దగ్గర చీటీ రాసే కాంపౌండరు తల ఎత్తకుండా అడిగాడు.

"జబ్బేంటండీ?"

"అందరూ పొదుగంటున్నారండీ, నేను మాత్రం..."

"పొదుగు" అని రాసి చీటీ నా ముందుకు తోశాడు. "ఆ వరసలో నిలబడండి."

నిలబడ్డాను. నా ముందు గేదె, నా వెనక గేదె. వెనకాయన నా సంచిలోకి తొంగిచూసి, "మీ గేదె బాగా చిక్కిపోయిందండీ" అన్నాడు. నా వంతు వచ్చింది. డాక్టరు కుర్రవాడే. చీటీ చూశాడు.

"పొదుగువాపా? గేదేదండీ?"

సంచి విప్పాను. తెల్లది మెడ బయటపెట్టింది.

"దీనికి పొదుగెక్కడిదండీ మాస్టారూ?" అన్నాడు. వరండా అంతా పకపకా. ఆ ఊపులోనే, "ఇంటికి తీసుకెళ్ళి కూర వండుకోండి. ఇవాళైతే బాగుంటుంది, రేపటికి ఉండదు" అన్నాడు.

నన్ను మాస్టారూ అన్న పుణ్యాత్ముడు మా ఆవిడ బిడ్డలా పెంచిన దాన్ని కూర అంటాడా? పంచాంగం నుంచి పశువైద్యం దాకా ఏ మాట ఎక్కడ పడితే ఏ అర్థమొస్తుందో చూసి అచ్చు కూర్చినవాణ్ణి, సంచి మూసుకుని బయటికొచ్చేశాను. అయితే ఇంటికి నడుస్తుంటే, ఎప్పుడో మా ప్రెస్సులో కూర్చిన కోళ్ళ పెంపకం పుస్తకంలో ఒక పేజీ కళ్ళముందుకొచ్చింది. గుడ్డు చిక్కుకున్న పిట్టను గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టాలి. గోరువెచ్చని! మేము చన్నీళ్ళలో ముంచాం. ఇక నడవలేదు, పరుగెత్తాను.

"వేడినీళ్ళు పెట్టు, త్వరగా" అన్నాను గుమ్మంలోంచే.

మా ఆవిడ సంచి లాక్కుని గోడకు ఆనుకుంది. "ఎందుకూ, ఈకలు పీకడానికా? డాక్టరు అదే చెప్పాడా? దాన్ని ముట్టుకున్నారంటే చూడండి."

నిజమే, మా ఇళ్ళల్లో పిట్టకు వేడినీళ్ళంటే అర్థం ఒకటే. స్నానానికే అని ఒట్టు పెట్టుకుంటే గానీ పొయ్యి వెలిగించలేదు. నీళ్ళ వేడి మోచేత్తో ఆవిడే చూసింది. బేసిన్లో కూర్చోబెట్టి, తోక కింద ఆముదం రాసి, పొట్ట నొక్కకుండా ఊరికే పట్టుకుంది. నీళ్ళు చల్లారుతుంటే నేను వేడివి పోస్తున్నాను. భాయ్ గుమ్మంలో నిలబడి, "మళ్ళీ నీళ్ళేనా?" అన్నాడు. ఎండ పెరట్లోంచి గోడెక్కింది. తెల్లది ఒక్కసారి ఒళ్ళంతా బిగించింది, ముక్కు తెరిచింది, వదిలేసింది. మళ్ళీ బిగించింది. మా ఆవిడ కూడా ఊపిరి బిగించింది. నేనూ బిగించాను. బేసిన్లో బుడుంగుమని చప్పుడైంది.

తోలుగుడ్డు. పెంకు లేదు, తడిసిన తోలుసంచిలా మెత్తగా ఉంది. తెల్లది రెక్కలు టపటపలాడించి మా ముగ్గురి మీదా నీళ్ళు చిమ్మింది. మా ఆవిడ నవ్విందో ఏడ్చిందో, మొహమంతా నీళ్ళే కనుక తెలియలేదు. భాయ్ మాత్రం, "మందు అదేనండీ, మనం వేడి చెయ్యడం మరిచాం, అంతే" అన్నాడు.

చేలల్లో నత్తలు తిని పెరగాల్సిన జాతికి మేము వార్చిన అన్నం పెట్టాం. పెంకు ఎక్కడినుంచి వస్తుంది? ఆ మర్నాటి నుంచి కృష్ణ ఒడ్డుకు వెళ్ళి నత్తలు ఏరుకొచ్చి, గుల్లతో సహా దంచి పెట్టాను. కొన్నాళ్ళకు గట్టి గుడ్డు పెట్టింది. మా ఆవిడ దాన్ని గోడకు తట్టి చప్పుడు వినిపించింది నాకు.

ఆ తోలుగుడ్డును మాత్రం మర్నాడే టిఫిను డబ్బాలో పెట్టుకుని నేను ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు సెలవన్నారు. మళ్ళీ వెళ్తే బదిలీ అన్నారు. అడగాల్సిన మాట అడగడం కుదరలేదు. ఏళ్ళు గడిచాక మంగళగిరి బస్సులో కిటికీ పక్కన ఆయన కనిపించాడు. జుట్టు పల్చబడింది గానీ పోల్చుకున్నాను. కడ్డీ పట్టుకుని ఆయన మీదికి వంగి, చీటీ దగ్గర్నుంచి అంతా గుర్తుచేసి, "గేదెను తెచ్చినవాడికి కూర వండుకొమ్మని చెప్తారాండీ?" అని అడిగాను. బస్సు వారధి ఎక్కింది. ఆయన నాకేసి తిరిగాడు.

"చెప్పనండీ. బాతుని పట్టుకొచ్చిన వాళ్ళందరూ సూదేస్తే తినడానికి పనికొస్తుందా అనే అడిగేవారు మాస్టారూ. మీరూ అదే అడుగుతారనుకుని ముందే చెప్పేశాను. బతుకుతుందా అని ఎవరూ అడగలేదు నన్ను. ఇంతకీ, బతికిందాండీ?"