మానిటర్‌కు అంటించిన చీటీ

ఆదోని పత్తి వ్యాపారి మార్కా లేని బేలును గోదాములోకి రానివ్వడు. అదే మనిషి కంప్యూటర్ తెర మీద ‘తయారు చేసినవారు: తెలియదు’ అని కనిపిస్తే గుమాస్తాను నొక్కెయ్యమంటాడు. అలా నొక్కడం నేర్పినవాణ్ణి నేనే.

ఎమ్మిగనూరులో ఒక గదిలో కూర్చుని జావాలో ప్రోగ్రాములు రాస్తాను. ఆదోనిలోని ఒక పత్తి దుకాణానికి, ఆస్పరి రైతు పత్తి ఏ లాటులో ఉందో, దేవనకొండ రైతుది ఏ లాటులో ఉందో చూపే ప్రోగ్రాము రాసిచ్చాను. తెరవబోతే, తయారు చేసినవారు తెలియదని హెచ్చరిస్తూ తెర మీద నీలం డబ్బా అడ్డొచ్చింది. అది రాకుండా ఉండాలంటే పేరున్న కంపెనీ దగ్గర సర్టిఫికెట్ కొని, దాంతో ప్రోగ్రాము మీద సంతకం పెట్టాలి. వాళ్ళు నా కాగితాలు చూస్తారట, ఫోన్ చేసి నేనున్నానో లేనో కనుక్కుంటారట. ఎక్కడివాడో ఒప్పుకుంటే తప్ప నేను లేనట్టా? ఒళ్ళు మండింది. సర్టిఫికెట్ నేనే తయారు చేసుకుని నేనే సంతకం పెట్టుకున్నాను. పెళ్ళిచూపుల్లో నా గుణానికి నేనే హామీ ఇచ్చుకున్నట్టు. కంప్యూటర్ దాన్ని పూచికపుల్లలా తీసిపారేసింది.

ఆ దుకాణంలో గుమాస్తా రోజూ గోనెగండ్ల నుంచి బస్సులో వచ్చే నెమ్మదస్తుడు. నీలం డబ్బా చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అన్నా, ఇదేందో ప్రమాదమంటాండాది. ఒత్తల్లా, వద్దా?”

“అది మొరుగుతాది గానీ కరవదులేప్పా, ఒత్తు” అని నవ్వాను. ఎన్నిసార్లని చెప్పేది? ‘నీలం డబ్బా వస్తే మోర్ ఇన్ఫో, తర్వాత రన్ ఎనీవే నొక్కండి. భయం లేదు’ అని చీటీ రాసి మానిటర్‌కు అంటించాను.

పత్తి జోరుగా వచ్చే రోజుల్లో అతనికి మెయిల్‌లో ఒక ఫైలు వచ్చింది, అచ్చం నా ప్రోగ్రాముకు కొత్త రూపంలా. నీలం డబ్బా వచ్చింది. అతను చీటీ చదివి నొక్కాడు. లాటుల లెక్కంతటికీ తాళం పడి, విప్పాలంటే డబ్బు కట్టమని తెర మీద కనిపించింది.

నేను వెళ్ళేసరికి దుకాణం సేటు గుమాస్తా మీద అరుస్తున్నాడు. “యాడిదో తెలీనిదాన్ని ఎట్ల ఒత్తినావురా? బుద్ధుందా నీకు?”

గుమాస్తా చీటీ వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను చెబుతానని నమ్మాడు. ఇంతలో సేటు ఫోన్ మోగితే లోపలికి వెళ్ళాడు. నేను చీటీ పీకి జేబులో పెట్టుకున్నాను. అతను చూస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి అతని ఉద్యోగం పోయింది. అంత నీచుణ్ణి నేను.

ఆ తర్వాత బుద్ధిగా సర్టిఫికెట్ కొన్నాను. ఇప్పుడు ‘తెలియదు’ అన్నచోట నా పేరు కనిపిస్తుంది, జనం నిశ్చింతగా నొక్కుతున్నారు. సర్టిఫికెట్ ఇచ్చేముందు కంపెనీవాళ్ళు ఫోన్ చేసి నేనున్నానా అని మాత్రమే అడిగారు. ఎలాంటివాణ్ణో అడగలేదు.