వైరుకు మూడు ముళ్ళు

మా ఆయన వైర్లకి కూడా మూడు ముళ్ళే వేశారు. నమ్మరు కదూ? నేనూ నమ్మలేదు. కారు బానెట్ ఎత్తి, నల్ల టేపుని గోటితో గీకి ఊడదీస్తే, ఎర్ర వైరుకి మూడు, నల్ల వైరుకి మూడు, ఒకదాని మీద ఒకటి బిగించి మరీ వేసిన ముళ్ళు కనిపించాయి. రాగి పోగులు సగం తెగిపోయాయి, మిగతా సగం కమిలి నల్లబడ్డాయి. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను. అసలు రెండిటికీ ఓపిక లేదు.

ఆయనది పౌరోహిత్యం. పెళ్ళికొడుకు చేత మూడు ముళ్ళు వేయించడం, కొంగులు ముడివేయడం, తోరాలకి ముళ్ళు, కంకణాలకి ముళ్ళు, ఆయన బతుకంతా ముళ్ళతోనే గడిచింది. ఆయన చేతి ముడి ఊడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. "ఒకసారి ముడి పడ్డాక ఊడటమేవిటే?" అంటారు. మనుషుల సంగతి వేరు, వైర్ల సంగతి వేరు అంటే ఆ మాట చెవిన పెట్టరు.

నేను తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకి ఫిజికల్ సైన్సు చెబుతాను. ఇల్లు వట్లూరులో. పొద్దున్నే పరిగెత్తి రైలెక్కడం, సాయంత్రం ఒళ్ళంతా పులిసిపోయి దిగడం, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడటం. హమ్మయ్య అని కూర్చోబోతే ఆయన పంచాంగం తెచ్చి ఒళ్ళో పెడతారు. "నువ్వు చదువు, నేను లెక్క చూసుకుంటాను" అంటారు. ఇదివరకు తనే చదువుకునేవారు. ఈమధ్య ఈ ముచ్చటొకటి మొదలైంది. దిద్దాల్సిన పేపర్లు ఒక పక్క, తిథులూ నక్షత్రాలూ ఒక పక్క. నా ప్రాణం విసిగిపోయేది.

ఇంట్లో మిక్సీ పాడైనా, ఇస్త్రీపెట్టె చెడినా నేనే విప్పుతాను. ఆయన మంత్రాలు ఆయనవి, నా స్క్రూడ్రైవర్లు నావి. ఇన్నేళ్ళ కాపురంలో ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టింది లేదు. కారుకి పసుపు లైట్లు బిగించే పని ఒక్కటే ఆయన నాకు చెప్పకుండా చేసుకున్నారు.

మాది పాత కారు. నడపడం నాకూ వచ్చు గానీ, ఎప్పుడూ ఆయనే నడుపుతారు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల వాళ్ళకి ఈయనంటే గురి. ఇల్లు కట్టినా, చెరువులో కొత్తగా చేపపిల్లని వదిలినా కబురొస్తుంది. ముహూర్తాలన్నీ తెల్లవారుజామునే ఏడుస్తాయి. మార్గశిరం వచ్చిందంటే ఆ దారంతా మంచు. మంచులో పసుపు లైటుకి దారి బాగా కనిపిస్తుందని ఎవరో చెప్పారట. రెండు లైట్లు కొనుక్కొచ్చి, నేను బడికి వెళ్ళినప్పుడు బిగించేసుకున్నారు. నేను ఇల్లు చేరేసరికి వెలిగించి చూపించి, పసిపిల్లాడిలా మురిసిపోయారు. టేపు నున్నగా చుట్టి ఉంది. నాకో పని తప్పిందిలే అని నేనూ విప్పి చూడలేదు.

ఆ తరవాతి ఆదివారం కలిదిండి దగ్గర ఒక చెరువుల ఆసామి ఇంట్లో గృహప్రవేశం. దంపతులిద్దరూ రావాలి, బట్టలు పెడతామని పట్టుబట్టారు. వారానికి ఒక్క రోజు ఆలస్యంగా లేద్దామనుకుంటే అదీ పోయింది. చీకటితోనే బయల్దేరాం. ఏలూరు దాటి కైకలూరు రోడ్డు మీద కొల్లేట్లోకి దిగేసరికి మంచు కమ్మేసింది. పెద్ద లైట్లు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టుంటుందని ఆయన వాటిని ఆపేసి, పసుపు లైట్ల మీదే నడుపుతున్నారు. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళే. తూర్పున కాస్త తెల్లబడుతోంది. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

కారు ఒక గతుకులో పడి లేచింది. ఏదో మాడిన వాసన. కళ్ళు తెరిచి చూద్దును కదా, ముందు వెలుగు లేదు. రోడ్డు లేదు, అంచు లేదు, అంతా బూడిదరంగు. ఆయన మాత్రం అదే వేగంతో పోతున్నారు.

"ఏవండీ! లైట్లు!" అని అరిచాను.

"ఏ లైట్లు?" అన్నారు.

"ఆపండి బాబోయ్, ఆపండి!"

బ్రేకు వేశారు. కారు జర్రున జారి ఆగింది. పెద్ద లైట్లు నేనే వేశాను. ముందు చక్రం తారు దిగి గట్టు మీద ఉంది. దాని ముందు గడ్డి, గడ్డి అవతల చెరువు. ఆయన స్టీరింగు వదలకుండా, పెదవులు కదిలిస్తూ కూర్చున్నారు. బాగా తెల్లారాక మెల్లగా వెనక్కి తీసి, ఎలాగో ముహూర్తానికి అందుకున్నాం. వాళ్ళు పెట్టిన పట్టుచీర ఏ రంగుదో ఇంటికొచ్చేదాకా చూడలేదు నేను.

తిరుగు దారిలో అడిగాను. "లైట్లు పోతే మీకు తెలియలేదా?"

"మంత్రం మననం చేసుకుంటున్నానే. ధ్యాస అటుంది" అన్నారు.

నమ్మాను. నమ్మి, ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూశాక, నా కోపమంతా ఆ ముళ్ళ మీద పెట్టుకున్నాను. ముడి వేస్తే లాగినా రాదేమో గానీ, రాగి పోగులు వంపు దగ్గర విరుగుతాయి, ఉన్నవి ఒకదాన్నొకటి సరిగ్గా తాకవు, తాకనిచోట వేడెక్కుతాయి. ఆ వేడికి టేపు కరుగుతుంది. పైగా ఫ్యూజన్న మాటే లేదు, తిన్నగా బ్యాటరీ నుంచి లాగేశారు. చెరువులో పడకపోతే మంటల్లో ఉండేవాళ్ళమే. సరిపోయింది సంబడం! ఈ గురువారం మళ్ళీ అటే ఇంకో వ్రతం ఉంది. ఈసారి నాకు బడి, ఆయన ఒక్కరే వెళ్ళాలి. పక్కన కూర్చుని అరవడానికి నేను ఉండను. ఈ అతుకు సరిగ్గా పడకపోతే నా మనిషి ఇంటికి రాడు. ఆ రాత్రి నుంచీ నా బుర్రలో ఇదొక్కటే.

మెకానిక్కు దగ్గరికి పోదామంటే అతనూ మెలిపెట్టి టేపు చుట్టేవాడే, ఆ చేతిపని ఇదివరకు హారను దగ్గర చూశాను. నేనే చేద్దామని కూర్చున్నాను. అబ్బబ్బ, రెండు వైర్లు కలపడానికి ఇన్ని దారులా! సీసం కరిగించి అతికే సోల్డరింగ్ నాకు చేయి తిరిగిన పని. కానీ సోల్డరు పాకినంత మేరా వైరు పుల్లలా బిగుసుకుపోతుంది, అది ఆగిన చోట ఊగి ఊగి తెగుతుంది. బల్ల మీద కదలకుండా ఉండే రేడియోకి అది బంగారం, మా కొల్లేటి గతుకులకి కాదు. వైరు కోయకుండా పైనుంచి నొక్కితే పళ్ళు దిగే ప్లాస్టిక్ క్లిప్పులున్నాయి. సుఖమైన పనే, కాకపోతే ఆ పళ్ళు దిగినచోట తడి చేరి రాగి ఆకుపచ్చగా పొడైపోతుంది. స్క్రూ బిగించేవి అదురుకి వదులైపోతాయి.

చివరికి మిగిలింది చిన్న రాగి గొట్టం. రెండు వైపుల నుంచీ వైర్లు దూర్చి, అందుకోసమే ఉండే ప్లేయరుతో నొక్కేస్తే గొట్టమూ పోగులూ ఒకటే ముద్దవుతాయి. వైరు లావుకి సరిపడే గొట్టం ఉండాలి, వదులైతే దండగ. దాని మీద లోపల జిగురున్న ప్లాస్టిక్ తొడుగు, స్లీవు అంటారు. వేడి చూపిస్తే ముడుచుకుని వైరుని పట్టేస్తుంది, జిగురు కరిగి తడి దూరకుండా చేస్తుంది. స్లీవు మాత్రం వైర్లు కలపకముందే ఎక్కించాలి. మొదటిసారి ఆ సంగతి మరిచిపోయి అతుకు పూర్తిచేసేసి, నాలుక్కరుచుకున్నాను.

నా గొణుగుడంతా ఆయన పక్కనే కూర్చుని వింటున్నారు. "సూత్రాలు గుచ్చకుండా ముడి వేసినట్టు" అన్నారు నవ్వుతూ.

"మీకు అన్నీ అవే కనిపిస్తాయి" అన్నాను. పాత వైరు ముక్కల మీద అతుకులు వేసి, బలం కొద్దీ లాగి చూశాను. ఊడినవి పారేశాను, ఊడనివి ఎందుకు ఊడలేదో చూసుకున్నాను.

"ఇంత తతంగమా!"

"మీ తతంగం కంటే తక్కువేలెండి."

బుధవారం బడి నుంచి రాగానే, కాళ్ళు కడుక్కుని కారు దగ్గర కూర్చున్నాను. నడుము పట్టేసింది, అయినా తప్పదు. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీశాను. లైట్లు రెండూ విప్పి కింద పెట్టాను. ముళ్ళు కోసేద్దామని కటింగ్ ప్లేయరు తీస్తే, ఆయన గబగబా వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ముడి కోయకూడదే. విప్పాలి."

"వైరుకి కూడానా? ఖర్మ!"

వినలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, మాడి బిగుసుకున్న ఆ ముళ్ళని ఒక్కొక్కటీ విప్పారు. చూపేమో ఎదురింటి గోడ మీద ఉంది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎంత అలవాటండీ ఆ చేతులకి అనుకున్నాను. ఒళ్ళు మండుతూనే ముచ్చటేసింది కూడా.

కమిలిన మేర కోసేసి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, ఎడమ లైటు అతుకులు వేశాను. స్లీవు బుద్ధిగా ముడుచుకుంది. లాగాను, రాలేదు. లైటు దాని చోట బిగించాను. కుడిదాన్ని తిరిగి బిగించాల్సిన చోట కారుకున్న పాత బోల్టు తుప్పు పట్టి కదలలేదు. దాని సంగతి తరవాత చూద్దాం, ముందు ఎడమది వెలుగుతుందో లేదో చూద్దామని, బ్యాటరీ మళ్ళీ తగిలించి, కుడి లైటు చేత్తో పట్టుకునే వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అది నా ఒళ్ళో ఉంది. ఆయన కారు ముందు నిలబడ్డారు. మునిమాపు వేళ. స్విచ్చి నొక్కాను. ఎదురింటి గోడ మీద పచ్చగా వెలుగు పడింది.

"ఏవండీ, వెలుగుతోందా?"

"బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి!"

"రెండూనా?"

"ఆహా, రెండూ. దేదీప్యమానంగా ఉన్నాయి."

నా ఒళ్ళో ఉన్న లైటు వైపు చూశాను. దాని వైర్లు రెండూ నా చీర మీద వేలాడుతున్నాయి.

అప్పుడు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. ఆదివారం లైట్లు పోతే ఆయనకి తెలియకపోవడానికి మంత్రం కారణం కాదు. పంచాంగం నా ఒళ్ళో పెట్టడం ముచ్చటా కాదు. వైరు సన్నపోగులు ఆయనకి కనిపించవు, కళ్ళతో పని లేకుండా ఆయన వేళ్ళకి వచ్చింది ముడి ఒక్కటే. అందుకే ముళ్ళు వేశారు.

దిగి వెళ్ళాను. ఆ లైటు ఆయన చేతుల్లో పెట్టాను. తడిమి చూసుకున్నారు. అద్దం, చుట్టూ రేకు, కొసని వేలాడే వైర్లు.

"ఎన్నాళ్ళయిందండీ?"

"కంట్లో పొరలేమో అనుకుంటున్నానే" అన్నారు. "కళ్ళు కనపడని పంతుల్ని ఎవరు పిలుస్తారు చెప్పు? నీకు చెబితే నువ్వు మానెయ్యమంటావు."

"అంటాను. ఎందుకు అనను?" అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను, ఏడుపొచ్చేసింది. ఆ చెరువు గట్టు, ఆ గడ్డి కళ్ళ ముందుకొచ్చాయి. తిట్టాను, ఏడ్చాను, మళ్ళీ తిట్టాను. ఆయన లైటు గుండెకి పట్టుకుని బుద్ధిగా తిట్లన్నీ తిన్నారు.

చీకటి పడుతుండగా బోల్టు కదిలింది. కుడి లైటు అతుకులు కూడా వేసేశాను. స్లీవు చల్లారాక వైరు ఆయన చేతికిచ్చి లాగమన్నాను. రెండు చేతులా పట్టుకుని, అతుకు దగ్గర వేలితో తడుముతూ, గట్టిగా లాగారు. మళ్ళీ లాగారు.

"రావటం లేదే" అన్నారు.

"రాదు" అన్నాను. "రేపు వ్రతానికి కారు నేను నడుపుతాను. మీరు పక్కన కూర్చుని మంత్రం చదువుకోండి. శుక్రవారం ఏలూరులో కళ్ళాసుపత్రికి."

"మరి నీ బడి?"

సెలవు పెడతానని చెప్పాను. ఆయన వైరు వదల్లేదు. అక్కడే, చీకట్లో, ఆ అతుకు మీద బొటనవేలు ఆనించి అలాగే నిలబడ్డారు. నేను కారు తాళాలు తీసి కొంగున ముడేసుకున్నాను.