ఎర్రవి ఉండాయా, అమ్మాయ్?

మా సైన్సు సారు పోయారని కిందటి నెల ఒక శుక్రవారం పొద్దున వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆయనకు నేను చెప్పిన అబద్ధం ఒకటి అలాగే ఉండిపోయింది.

బోగోలు వైపు ఇసుక నేలల్లో దొరువులు ఉంటాయి, ఇసుకలో తవ్విన మంచినీటి గుంటలు. మా బడి వెనక దొరువు గట్టున, తుంగలో, వేలి కణుపంత సూది తూనీగలు తిరిగేవి. పెద్ద తూనీగలు వాలినా రెక్కలు చాపుకునే ఉంటాయి. ఇవి వీపు మీదికి మూసుకుంటాయి. పదో తరగతిలో నేను ఎర్రవి ఒక జాతి, ఆకుపచ్చవి ఇంకో జాతి అని బొమ్మలేసి మరీ రాసుకెళ్లాను. సారు మార్కులు వేయలేదు. నాలుగు రోజులు గట్టున కూర్చుని చూసి రమ్మన్నారు. ఒళ్లు మండింది, అయినా కూర్చున్నాను. మూడో రోజు, ఎరుపు పోయి పచ్చబడుతున్నది ఒకటి కనిపించింది. ఆడవి పుట్టినప్పుడు ఎర్రగా ఉండి, ముదిరేకొద్దీ పచ్చబడతాయట. నా రెండు జాతులూ ఒకటే.

"ఎర్రది కనపడిందంటే దొరువులో ఇంకా పురుళ్లు జరగతా ఉన్నట్టే," అనేవారు సారు.

గట్టెక్కగానే ఆయన నీళ్లలో వేలు ముంచి నాలుక్కి రాసుకునేవారు. చుట్టూ ఉప్పునీటి రొయ్యల గుంటలు వచ్చాక, ఆ ఉప్పు దొరువులోకి ఊరుతుందేమోనని, ఆ అలవాటు ఇంకా ముదిరింది. కూరలో ఉప్పు చూసినట్టు చూస్తారేమిటని బిందెలతో మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు నవ్వేవారు. రిటైరయ్యాకా మానలేదు.

మంచం పట్టాక, నేను చూడబోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఎర్రవి ఉండాయా, అమ్మాయ్?"

"ఉండాయి సార్," అనేదాన్ని. ఒక్కసారీ వెళ్లి చూడలేదు. ఇంటి పని, నేను పాఠాలు చెప్పే బడి పని, రేపు వెళ్దాంలే అనుకోవడం. ఆయన మొహం తేటపడేది. చూడకుండా ఏదీ రాయొద్దని నన్ను నాలుగు రోజులు ఎండలో కూర్చోబెట్టిన మనిషి, నా మాటను మాత్రం అలా నమ్మేశారు. సిగ్గుగా ఉంది.

సారు పెద్ద దినం అయిన మర్నాటి నుంచి రోజూ దొరువుకు వెళ్తున్నాను. పచ్చవి ఉన్నాయి. ఎర్రవి లేవు. కూర్చోలేక గట్టు చుట్టూ తిరుగుతాను, మళ్లీ వంగి తుంగ మొదళ్లు వెతుకుతాను. ఇవాళ వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాను. ఉప్పు తగిలింది.

"ఇంకా కనపడలా సార్," అన్నాను పైకే.

తుంగ పోచ చివర ముదురు పచ్చది ఒకటి, రెక్కలు మూసుకుని, గాలికి ఊగుతూ ఉంది.