మంగళవారం నాటి మౌనం

సుగుణక్కని పోలీసులు తీసుకెళ్ళారన్న కబురు నాకు మొదట తెచ్చింది ఎదురింటి రాధ. మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. చెప్పులైనా విప్పకుండా వంటింటి దాకా వచ్చేసింది. విని నేను ఒక్క మాట మాట్లాడలేదు. మౌనవ్రతంలో ఉన్నానని రాధ అనుకుంది. వ్రతమేమీ లేదు. ఏడేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు వద్దు. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటాం. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. చిన్నప్పుడు కీళ్ళ జబ్బు చేసి మంచం దిగలేకపోతే నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పాఠానికి ముందు నేను మూడు ప్రశ్నలు అడగాలి. అడగకపోతే పుస్తకం తెరిచేవారు కాదు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. గుళ్ళో పూజారిగారిని, కూరల కొట్లో అమ్మాయిని, ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను. మంచి ఏది జరిగినా వెంటనే ఒక నోటుపుస్తకంలో దేవుడికి కృతజ్ఞత రాసుకుంటాను. శనివారం మధ్యాహ్నం దాకా మౌనం పాటిస్తాను. ఆ పూట ఎవరైనా వస్తే ఫ్రిజ్‌కి తగిలించిన తెల్ల పలక తీసి రాసి చూపిస్తాను. మా వీధిలో తెలుగువాళ్ళందరికీ ఇది తెలుసు.

సుగుణక్క నాకన్నా పదేళ్ళు పెద్ద. బాలింతలకి పథ్యం వండిపెట్టేది. నాకు కారు నేర్పింది కూడా ఆమే. గుడి పార్కింగ్‌లో, తన పాత బూడిదరంగు కార్‌లో. స్టాప్ సైన్ దగ్గర ఎంతసేపు ఆగాలక్కా అని అడిగితే, “మూడు గోవిందలు” అంది. గోవిందా, గోవిందా, గోవిందా. అప్పుడు కదలాలి. నేను ఇప్పటికీ అలాగే ఆగుతాను. వెనకవాళ్ళు హారన్ కొడతారు.

ఆమె భర్త వీసా మీద వచ్చింది. ఆయన విడాకులిచ్చి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాక ఆ వీసా పోయింది. వెనక్కి వెళ్ళి ఎవరింట్లో ఉండాలో తెలియక ఇక్కడే ఉండిపోయింది. కాగితాలు లేవు కాబట్టి లైసెన్స్ గడువు తీరాక మళ్ళీ రాలేదు. ఆ కారు బయటికి తీయడం మానేసింది. నాకు నేర్పినామె డ్రైవ్ చేయకూడదు, నేర్చుకున్న నేను చేయొచ్చు. ఈ విచిత్రం గురించి మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం కూడా.

ఆమెని పట్టుకెళ్ళిన నెల్లో మా రాష్ట్ర సభలో ఒక బిల్లు మీద వాదన నడుస్తోంది. వీసా కాగితాలు చూడటం వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం పనా, మన ఊరి పోలీసులు కూడా చేయాలా అని. ఎవరింటికి భోజనానికెళ్ళినా అదే గోల. “చట్టం చట్టమేనండీ. మనం ఇన్నేళ్ళు గ్రీన్‌కార్డ్ లైన్లో నిలబడటం లేదా?” అని ఒకరు. “పోలీసులు దొంగల్ని పట్టుకోవాలా, పాస్‌పోర్టులు తిరగేయాలా? రేపు ఇంట్లో దొంగలు పడినా ఫోన్ చేయడానికి భయపడతారు” అని ఇంకొకరు. ఆ వాదన నడుస్తుంటే అందరికీ పులిహోర వడ్డించింది సుగుణక్కే. “తిని పోట్లాడుకోండి, బలం వస్తుంది” అంది. నాకు రెండు మాటలూ నిజమే అనిపించాయి. ఇప్పటికీ అంతే. కాబట్టి తప్పు వాళ్ళ మీదో బిల్లు మీదో తోసేయడానికి ఇది రాయడం లేదు.

ఆ రోజుల్లోనే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. కాగితాలు లేనివాళ్ళని కారెక్కించుకుంటే మీ గ్రీన్‌కార్డ్ కూడా పోతుందని. మావారిది ఇంకా హెచ్-వన్ ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన వీసా. రెండుసార్లు చదివాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ మంగళవారం పొద్దున పదింటికి సుగుణక్క తలుపు కొట్టింది. రెండు చేతుల్లో రెండు స్టీలు క్యారియర్లు.

“అమ్మాయ్, తాళాలు తియ్యి. యాప్‌లో పిలిచిన కారు రెండుసార్లు క్యాన్సిల్ అయింది. పాపం ఆ బాలింత నిన్ననే ఇంటికొచ్చింది, ఆకలితో ఉంటుంది. పావుగంట దూరం. దింపేసి వచ్చేద్దువు.”

నా చెయ్యి పలక మీదికి ఎలా వెళ్ళిందో నాకే తెలియదు. ‘మౌనం’ అని రాసి చూపించాను.

“మంగళవారం మౌనమేంటే? నీది శనివారం కదా. పైవాడు నీకు ఓవర్‌టైమ్ వేశాడా?”

‘ప్రత్యేకం. సాయంత్రం దాకా.’

“అయితే ఏం? కారు నోటితో నడుపుతావా?”

తుడిచి మళ్ళీ రాశాను. ‘గడప దాటకూడదు.’

ఆమె ఆ అక్షరాల్ని కొంచెంసేపు చూసింది. “సరేలే, నా మూలంగా నీ వ్రతం చెడొద్దు. నా బండే తీస్తాను. నెమ్మదిగా పోతాను.” మెట్లు దిగబోయి వెనక్కి తిరిగింది. “మౌనంలో నవ్వడం కూడా నిషేధమా? ఒక్కసారి నవ్వవే, పోతాను.”

నవ్వాను.

తలుపేసి వచ్చి నోటుపుస్తకం తెరిచాను. ఆ పేజీ ఇంకా ఉంది, చింపలేదు. ‘ఈ రోజు ఇబ్బంది తప్పించావు తండ్రీ, కృతజ్ఞతలు’ అని ఉంది. ఇది మీకు చెప్పడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. అబద్ధమాడినందుకు దేవుడికి థాంక్స్ చెప్పాను. రెండు గంటల్లో రాధ వచ్చింది. పక్క ఊరి రోడ్డు మీద వెనక లైటు వెలగడం లేదని కారు ఆపారట. లైసెన్స్ అడిగారట. బాలింత ఇంట్లోవాళ్ళు భోజనం రాలేదని ఫోన్ చేస్తే తెలిసిందట. నేను పలక పట్టుకుని నిలబడ్డాను. గొంతులోంచి శబ్దం వస్తే అబద్ధం బయటపడుతుంది. ఏడవడానికి కూడా సాయంత్రం దాకా ఆగాను.

“పోనీలే అక్కా, నువ్వు వ్రతంలో లేకపోతే తప్పకుండా తీసుకెళ్ళేదానివి” అంది రాధ.

లైసెన్స్ లేదని జైల్లో పెట్టి వేలిముద్రలు తీసుకున్నారట. అక్కడినుంచి ఆమెని ఇమిగ్రేషన్ వాళ్ళకి అప్పగించారు. మూడు వారాల తర్వాత నాకు ఒక్కసారి ఫోన్ చేసింది. మొదటి మాట, “వ్రతం బాగా జరిగిందా, అమ్మాయ్?” బాగా జరిగిందక్కా అన్నాను. ఈసారి నోటితోనే. ఆ గొంతులో వెటకారం ఉందా? నిజంగానే అడిగిందా? ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఒక రోజు వెటకారమే అనిపిస్తుంది, ఇంకో రోజు ఒట్టి ఆప్యాయత. ఏది నిజమైతే నాకు తేలికో కూడా తెలియడం లేదు. కొన్నాళ్ళకి ఆమెని ఇండియా విమానం ఎక్కించారు. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నేనెందుకలా చేశాను? భయమే అని చాలాకాలం చెప్పుకున్నాను. కానీ ఈమధ్య ఆ బిల్లు వెతికి చదివాను. నేను లాయర్ని కాను. నాకర్థమైనంతలో, తెలిసినామెని పావుగంట దూరం దింపడం గురించి అందులో ఏమీ కనబడలేదు. పైగా ఆ మంగళవారానికి అది ఇంకా చట్టమే కాలేదు, వాదనలోనే ఉంది. సభ తేల్చకముందే నా గుమ్మంలో నేను అమలు చేసేశాను. పూజారిగారిని కూడా వదలకుండా ప్రశ్నలు వేసే నేను ఆ ఒక్కటీ ఎందుకు అడగలేదు? అడిగితే భయం పోతుందని భయపడ్డానా? భయం కింద ఇంకేదో ఉంది, చాలా చిన్నది. మేం లైన్లో ఉన్నాం, ఆమె లేదు, అన్న సుఖం. నాకు కారు నేర్పిన మనిషి కన్నా నేను ఒక మెట్టు పైన ఉన్నానన్న సుఖం. అది నాలో ఎప్పుడు చేరిందో, ఎవరు పెట్టారో వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు.

పోయినేడు మా గ్రీన్‌కార్డ్ వచ్చింది. గుళ్ళో చక్కెరపొంగలి పంచాను. మావారికి ఈ సంగతి తెలియదు. రాధకి తెలియదు. దేవుడికి ఎలాగూ తెలుసు. ఆయనకి తెలియడం, నేను చెప్పడం ఒకటి కాదని ఇది రాస్తుంటే అర్థమవుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినామె మీలో లేదు. చెప్పాను. అంతవరకు ఊపిరి తేలికగా ఆడుతోంది. ఎంతకాలమో తెలియదు.

మీరు ఎక్కడైనా కారు ఆపినప్పుడు, మళ్ళీ కదిలేలోపు ఉండే ఆ కాస్త సమయంలో, ఒక్కసారి సుగుణక్కని తలుచుకోండి. పేరుతో తలుచుకోండి. మూడు గోవిందలంత సేపు చాలు.