ఖాళీ చేతుల ఫొటో

నేను పనిచేసే ఇంటి మేడమ్ పిల్లలు పేచీ పెట్టడంతో ఈ సాయంత్రం ఇక్కడ సౌదీలో, ఖోబర్‌లో సముద్రం ఒడ్డున పెట్టిన చలికాలపు మార్కెట్‌కి వెళ్ళాం. క్రిస్మస్ అని ఎక్కడా రాయలేదు గానీ, దీపాల చెట్టూ, దాని కొసన నక్షత్రమూ ఉన్నాయి. ఒక చేత్తో చంటివాడి బండి, ఇంకో చేతిలో కొన్న సంచులు. ఆ చెట్టు ముందు మేడమ్ వాళ్ళందరికీ ఫొటోలు తీసింది కూడా నేనే.

"అబ్బా, కాళ్ళు పీకేస్తన్నాయి" అని పైకే అనేశాను.

పక్కన వేరే ఇంటి పిల్లల్ని ఆడిస్తున్న అమ్మాయి గిరుక్కున తిరిగింది.

"తెలుగోళ్ళా అక్కా! పండక్కి ఇంటికి ఫొటో పంపారా?"

"నాకెవరు తీత్తారమ్మా?"

"ఆ సంచులు, బండి, మీ ఫోను ఇటివ్వండి. ఖాళీ చేతుల్తో నిలబడండి."

తీసింది. ఇంతలో ఆ అమ్మాయిని వాళ్ళ మేడమ్ పిలిచింది. నేను పేరు అడిగేలోపే "వందనాలక్కా" అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు వంటగదిలో కూర్చుని చూసుకుంటున్నాను. మొహం బాగానే నవ్వుతోంది. చేతులు మాత్రం ఇంకా సంచులు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి.

మా పిల్లలకి ఇలాగే పంపనా, చేతులు కనపడకుండా కత్తిరించి పంపనా? మీరైతే ఏం చేస్తారు?