ఆదివారం చట్టం వచ్చిన రోజు

నిన్న నారాయణఖేడ్ బస్టాండుల మా చిన్నమ్మను మోకాళ్ళు చూపెడదామని సంగారెడ్డి బస్సు ఎక్కిచ్చేసరికి నా పానం పోయింది. మెట్టు మీద ఒక కాలు పెట్టింది, రెండోది లేవక అట్లనే నిలబడ్డది. "జల్దీ ఎక్కు అవ్వా!" అని కండక్టరు కసిరిండు. ఆమె తొందరపడలే. వాళ్ళింట్ల తొందరంతా మా చిన్నాయనదే ఉండె.

మా ఇండ్లల్ల అందరం ఆదివారం చర్చికి పోయేటోళ్ళమే. చిన్నాయన ఒక్కడు పెండ్లయినంక శనివారమే దేవుని దినమనే సబ్బాతు సంఘంల కలిసిండు. బైబిల్ల దానియేలు గ్రంథంల తలకాయ నుంచి కాలి వేళ్ళ దాకా ఒక్కో భాగం ఒక్కో రాజ్యమని చెప్పే ప్రతిమను, బంగారు తలకాయ, ఇనుప కాళ్ళతోని సహా, బట్ట మీద గీయించి గోడకు తగిలిచ్చిండు. ఇంటికొచ్చిన సుట్టానికి చాయ్ కన్న ముందు దాని ముచ్చటనే. "రాజ్యాలన్నీ ఒడిసినయి. మనం కాలి వేళ్ళ కాడ ఉన్నం. ఇగ ఆదివారం చట్టం ఒక్కటే బాకీ" అనేటోడు. సర్కారు అందరినీ ఆదివారమే మొక్కమంటదట, సబ్బాతు పాటించేటోళ్ళు గుట్టలకు ఉరకాలట, ఆ ఎన్కనే ప్రభువు మల్ల భూమ్మీదికి వచ్చే రాకడట. అందుకని తలుపు ఎన్క ఒక మూట ఎప్పటికీ తయారుగ ఉండేది. అండ్ల బియ్యానికి పురుగు పడితే చిన్నమ్మ చెరిగి మల్ల కట్టేది. ముప్పై ఏండ్లు అదే పని. మోకాళ్ళు అరిగి, ఆపరేషన్ చేయించుమని ఆమె అడిగితే, "రాకడల కొత్త శరీరమే వస్తదాయె, గీ పాతదాన్ని కోయించుడెందుకు?" అనేటోడు. నాకు ఒళ్ళు మండేది. అయినా పెద్దమనిషిని ఏమంటం?

కరోనా మొదట్ల ఒక ఆదివారం ఎవ్వరూ గడప దాటొద్దన్నరు. నేను ఆ రోజు వాళ్ళింట్లనే ఉన్న. టీవీల ఆ మాట ఇన్నడో లేదో, "వచ్చింది! ఆదివారం చట్టం వచ్చింది! నడువు!" అని చిన్నాయన మూట నెత్తికెత్తిండు. అది రోగం గురించి అని నేను ఎంత మొత్తుకున్నా ఇనలే. చిన్నమ్మ గోడ పట్టుకోని గడప దాకా వచ్చి, అక్కడనే కూలబడ్డది.

"నాతోని కాదు. నువ్వు పో. ప్రభువు అడిగితే మోకాళ్ళు లేక ఆగిందని చెప్పు" అన్నది. గొంతుల అలసట తప్ప ఏం లేకుండె.

చిన్నాయన గల్లీ మొగదాక పోయిండు. అక్కడ శానసేపు నిలబడి, ఎన్కకొచ్చి మూట దించిండు. ఆమె పక్కకు కూసోని మోకాలి మీద చెయ్యి పెట్టి, "గింత వాచిందా? నాకెందుకు చెప్పలే?" అన్నడు. ఆమె నా దిక్కు చూసి నవ్వింది. పట్నం దవాఖానకు తోలుకపోతనని ఆయన ఆ పొద్దే ఒప్పుకున్నడు. కానీ అప్పటికే కరోనాకు ఆపరేషన్లు బందు పెట్టిండ్రు. అవి మల్ల మొదలయ్యేలోపల ఆ రోగమే ఆయనను తీసుకపోయింది. దాని ఎన్క ఆమెనే పోదామనలే.

నిన్న నేనే బలిమికి తోలుకపోతే, సంగారెడ్డిల డాక్టరు చూసి, ఇప్పుడు గుండె తట్టుకోదన్నడు. కొన్నేండ్ల ముందు తెస్తే అయ్యేదట.

సావు జరిగిన ఇండ్లల్ల చిన్నాయన ఒక మాట చెప్పేటోడు, చచ్చినోళ్ళకు రాకడ దాకా కన్ను మూసి తెరిచినంతసేపే అని. ఏమో, నిజమే కావచ్చు. ఎదురుచూసుడంతా బతికున్నోళ్ళ మీదనే పడ్డది.